నయమైన పిమ్మట మందేల?



గుండెజబ్బునుగూర్చి మాటలాడుటకు నేను వైద్యుడను కాను. ముప్పదియైదేండ్లు పల్లెబడులలో తెలుగును, అడిగినవారికి కొంత సంస్కృతమును చెప్పి ఉద్యోగము విరమించినవాడను. అయినను ఈ విషయమును నేనే కోరి తీసికొంటిని. వైద్యుడు చెప్పవలసినది ఆసుపత్రిలో చెప్పుచునే యున్నాడు. ఆ మాట గడప దాటి ఇంటికి వచ్చిన పిమ్మట ఏమగుచున్నదో ఆయనకు తెలియదు, మనకు తెలియును. ఇంటిలో పెద్దవారము, ఊరిలో నలుగురు వచ్చి సలహా యడుగువారము మనమే గదా! మందు మానుటకు గాని మానకుండుటకు గాని మన నోటిమాట ఎంత పనిచేయునో, మా యింట జరిగిన సంగతితోనే మొదలుపెట్టెదను.

2016వ సంవత్సరము వేసవిలో మా బావగారికి, అనగా మా పెద్దక్కగారి భర్తకు, గుండెపోటు వచ్చెను. పొలము గట్టుమీద నుండగా రొమ్ము బిగబట్టి, చెమటలు క్రమ్మి కూలబడిరి. కుమారుడు చెంతనే యుండుటచేత రెండు గంటలలోపల పట్టణములోని ఆసుపత్రికి చేర్చగలిగెను. గుండెకు రక్తము గొనిపోవు నాళములలో ఒకటి మూసికొనిపోయినదనియు, దానిని తెరచి లోపల సన్నని లోహపు జాలీ గొట్టము నొకదానిని నిలిపితిమనియు డాక్టరుగారు చెప్పిరి. దానినే స్టెంటు అందురు. అయిదవనాడు బావగారు ఇంటికి వచ్చిరి. చేతిలో ఒక మందుల చీటీ. అందులో అయిదు రకముల మాత్రలు. మొదట నెలకొకసారి, పిమ్మట మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకొనవలెనని చీటీ అడుగున వ్రాసియుండెను.

ఏడు నెలలు గడచెను. బావగారు మునుపటివలెనే తెల్లవారకమున్నె లేచి పశువులకు మేత వేయుచు, పొలము చుట్టి వచ్చుచు, మనుమని బడికి దింపివచ్చుచు నుండిరి. మొదటి రెండుమార్లు ఆసుపత్రికి పోయి చూపించుకొనిరి. మూడవమారు వరికోతలు అడ్డము వచ్చెను. ఒకనాటి సాయంకాలము మా అరుగుమీద కూర్చుండి తమ ముంజేతులు చూపిరి. అక్కడక్కడ నల్లగా కమిలిన మచ్చలు. “ఏమోయ్ బావా, ఈ బిళ్ళలు రక్తమును పలుచన చేయునట. చిన్న దెబ్బకే ఇట్లు కమిలిపోవుచున్నది. కడుపులో మంట కూడ నున్నది. ఒంటిలో నలత యేమియు లేదు. ఇంక నివి నాకెందుకంటావు?” అని యడిగిరి.

నేను చెప్పిన మాట నాకు అక్షరము తప్పక గుర్తున్నది. “నయమైన పిమ్మట మందేల బావగారూ? వ్యాధి యున్నంతవరకే ఔషధము. మూసికొన్న నాళమును తెరచితిమని వారే చెప్పిరి గదా” అంటిని. ఊరిలో నాకు చదువుకొన్నవాడనని, శాస్త్ర మెరిగినవాడనని పేరు. రక్తము గడ్డకట్టకుండ వాడుచున్న రెండు మాత్రలను ఆయన మరునాటినుండియే మానివేసిరి. మూడు వారములు తిరుగకమునుపే ఒక వేకువజామున పశువుల కొట్టములో మరల నొప్పి వచ్చెను. ఈమారు ఆసుపత్రి చేరులోపలనే స్పృహ తప్పెను. స్టెంటులోపలనే రక్తము గడ్డకట్టినదని డాక్టరుగారు చెప్పి, “మాత్రలు ఎప్పుడు మానిరి?” అని మా అక్కగారి నడిగిరి. ఆమె నా వైపు చూచెను. ఏమియు అనలేదు, నేటివరకును అనలేదు. రెండవనాటి రాత్రి బావగారు పోయిరి.

నా తర్కము ఎక్కడ తప్పినదో తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టెను. డాక్టర్లను అడిగి, కొంత చదివి, ఆమీదట నేనే రోగినై తెలిసికొన్న సంగతి యిది.

మనమందరము జ్వరమునకు మందు తినుట నేర్చినవారము. జ్వరము వచ్చును, మందు తిందుము, జ్వరము దిగును, మందు మానుదుము. మందు చేసిన మేలు ఒంటికే తెలియును. తలనొప్పియైనను, అజీర్ణమైనను, సెగగడ్డయైనను ఇదియే తీరు. ఈ యలవాటునే గుండెజబ్బునకును అన్వయించుకొందుము. గుండెజబ్బు మందులలో పెక్కింటికి ఈ లక్షణము లేదు. అవి పనిచేయుచున్నప్పుడు ఏమియు జరుగదు. ఏమియు జరుగకుండుటయే వాని ఫలము.

కాలువ క్రింద సేద్యము చేయువారికి పూడిక సంగతి నేను చెప్పనక్కరలేదు. గుండెనాళముల లోపలి గోడలలో కొవ్వుతో కూడిన పూడిక యేండ్లతరబడి చేరును. అది ఒక్కచోటనే చేరునది కాదు. ఒకచోట నాళము మూసికొనుసరికి తక్కినచోట్ల పలుచగానైనను చేరియే యుండును. ఆ పూడిక పైపొర యొకనాడు చిట్లినచో, అక్కడ గాయమైనట్లుగా రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ నాళమును మూసివేయుటయే గుండెపోటు. స్టెంటు వేయువారు మూసికొన్న ఆ యొక్క చోటును తెరచెదరు. కాలువ అంతయు క్రొత్తది చేయలేరు. పైగా ఆ లోహపు జాలీ మన రక్తమునకు పరాయి వస్తువు. నాళపు లోపలిపొర దానిమీద పెరిగి కప్పువరకు రక్తములోని ప్లేట్‌లెట్లు దానిపై గుమిగూడుటకు సిద్ధముగా నుండును. డెంగీ జ్వరము పుణ్యమా యని ప్లేట్‌లెట్లను మాట నేడు ఎరుగని పల్లె లేదు. అవి తగ్గుట చెడ్డయని విన్నాము. అవి కూడరానిచోట కూడుటయు చెడ్డయే.

అందుచేతనే రెండు మాత్రలు: ఆస్పిరిను ఒకటి, క్లోపిడోగ్రెలు గాని, టికాగ్రెలారు గాని మరియొకటి. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకొన్నవారికి ఈ రెంటిని కలిపి సాధారణముగా 12 నెలలు వాడింతురు. పిమ్మట ఒకటి మాన్పించి, రెండవదానిని సాధారణముగా జీవితాంతము కొనసాగింతురు. రక్తస్రావపు భయమున్నవారికి ఈ గడువును తగ్గించుటయు కలదు. కాని ఆ తగ్గించువాడు రోగిని చూచి, పరీక్షలు చూచి తగ్గించును. మా బావగారి మచ్చలకును, కడుపుమంటకును డాక్టరు చెంత జవాబు లేకపోలేదు. మంటకు వేరొక మాత్ర యున్నది. అవసరమైనచో ఒక మందునకు మారుగా మరియొక మందున్నది. జవాబు అక్కడ నుండగా ప్రశ్న నా అరుగుమీదికి వచ్చెను.

తక్కిన మాత్రల సంగతియు ఇట్టిదే. గుండె వేగమును తగ్గించు మెటొప్రొలాలు వంటి మందులు కలవు. నెలల తరబడి వాడుచు వానిని ఒక్కసారిగా మానినచో, కళ్లెము తెగిన గుఱ్ఱమువలె గుండె వడి హఠాత్తుగా పెరుగును. పూడికయున్న గుండె ఆ వడికి తాళదు. వైద్యుడు మాన్పింపవలసివచ్చినను మెల్లమెల్లగా తగ్గించి మాన్పించును. రక్తపుపోటు మాత్రలు, కొవ్వును తగ్గించు మాత్రలు వాడువారు చేయు పొరపాటు మరియొక విధము. పరీక్ష చేయించుకొందురు, లెక్క సరిగా వచ్చినదని సంతోషించి మాత్ర మానుదురు. లెక్క సరిగా వచ్చినది ఆ మాత్రవలననే గదా! ఈ యేడు పొలములోనికి వరదనీరు రాలేదని ఏ రైతైనను గట్టు తెంపుకొనునా?

తర్కము చదివినవాడు ఇక్కడ నొక ప్రశ్న వేయవచ్చును, నేనును వేసితిని. ఏమియు జరుగకుండుటయే ఫలమైనచో, ఆ ఫలము మందువలన కలిగినదని యెట్లు నమ్ముట? మందు తినకున్నను ఏమియు జరుగకపోయెడిదేమో! ఈ ప్రశ్న న్యాయమైనదే. ఒకని దేహమును చూచి దీనికి జవాబు చెప్పుట అసాధ్యము. వేలమందిని లెక్కించిననే అది కనబడును. కొవ్వును తగ్గించు స్టాటిను జాతి మందులను జపాను శాస్త్రజ్ఞుడు అకీరా ఎండో 1970వ దశకములో బూజులలో వెదకి కనుగొనెను. ఆ జాతిలోని సింవాస్టాటిను అను మందును స్వీడను, నార్వే, డెన్మార్కు, ఫిన్లాండు, ఐస్లాండు దేశములలో గుండెజబ్బుండి, కొవ్వు హెచ్చుగా నున్న 4,444 మందిపై పరీక్షించి, 1994లో ఫలితమును ప్రకటించిరి. 2,221 మందికి మందు. 2,223 మందికి అదే రూపముగల ఉత్తమాత్ర. ఎవరు ఏది తినుచున్నారో వారికిని తెలియదు, ఇచ్చు వైద్యునకును తెలియదు. అయిదేండ్లకు పైగా కనిపెట్టి చూడగా, ఉత్తమాత్ర తిన్నవారిలో 256 మంది చనిపోయిరి. మందు తిన్నవారిలో 182 మంది.

తేడా 74 మంది. ఈ లెక్క చదివిననాడు నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. మందు తిన్న ఆ రెండువేల మందిలో, మందులేనిచో పోయియుండెడి ఆ డెబ్బదినలుగురు ఎవరు? ఎవరికిని తెలియదు. వారిలో ఒక్కడైనను “ఈ మాత్ర నన్ను బ్రతికించినది” అని చెప్పలేడు. అందరును ఒక్కటే మాట చెప్పియుందురు: “నాకేమియు తేడా తెలియలేదు.” మా బావగారు అరుగుమీద చెప్పినమాట అదియే.

ఇక నా చదువు సంగతి. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పినాడు: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణములు. మంచి రోగికి ఉండవలసిన నాలుగు గుణములు స్మృతి, నిర్దేశకారిత్వము, అభీరుత్వము, జ్ఞాపకత్వము. చెప్పినది గుర్తుంచుకొనుట, చెప్పినట్లు నడుచుకొనుట, అధైర్యపడకుండుట. నాలుగవదానిని గూర్చి కొంచెము తరువాత చెప్పెదను. రోగము నయముగుటకు రోగియే కాలుభాగము బాధ్యుడని రెండువేల యేండ్లనాటి గ్రంథము చెప్పుచున్నది. దీనిని నేను పిల్లలకు పాఠముగా చెప్పినవాడనే. నిర్దేశకారిత్వము అను పదమునకు విగ్రహవాక్యము చెప్పినవాడను, నా ఇంటివాని నిర్దేశమును నేనే తప్పించితిని. “వ్యాధి యున్నంతవరకే ఔషధము” అని నేనన్న మాట ఏ శాస్త్రములోనిదియు కాదు. నా నోటినుండి వచ్చుటచేత శాస్త్రమువలె వినబడినది.

ఇట్లు మానుట మన పల్లెలలో మాత్రమే యున్న దోషమని తలపవలదు. దీర్ఘవ్యాధులకు మందు వాడువారిలో ధనికదేశములలో సైతము సుమారు సగముమందియే చెప్పినట్లు వాడుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2003లో తెలిపెను. మన స్థితి యింకను కష్టము. 17 దేశములలో జరిపి 2011లో ప్రకటించిన ప్యూర్ అను పరిశీలన యొకటి కలదు. గుండెజబ్బుగాని పక్షవాతముగాని వచ్చినవారిలో, మన దేశము చేరిన అల్పాదాయ దేశముల వర్గమున నూటికి 80 మంది, ముఖ్యమైన నాలుగు జాతుల మందులలో ఒక్కదానినైనను వాడుటలేదని అందు తేలెను. సంపన్నదేశములలో అట్టివారు నూటికి 11 మంది. పట్టణములకంటె పల్లెలలో వాడుక తక్కువ.

మాత్రలు తప్పిపోవు సందర్భములు నేను చూచినంతలో కొన్ని చెప్పెదను. మొదటిది ఉపవాసము. ఏకాదశినాడు, శివరాత్రినాడు, కార్తిక సోమవారములందు పరగడుపున మాత్ర వేసికొనరాదని కొందరు మానుదురు. వ్రతభంగము కలిగింపనివని ధర్మశాస్త్రకారులు లెక్కించిన ఎనిమిదింటిలో నీరు, పండు, పాలతోపాటు ఔషధమును గూడ చేర్చినారు. గురువాక్యమును గూడ చేర్చినారు. కావున గుండెమాత్ర వేసికొని ఉపవాసముండిన దోషము లేదు. మధుమేహమునకు మాత్రలుగాని ఇన్సులినుగాని వాడువారు మాత్రము ఉపవాసమునకు ముందే వైద్యుని అడుగవలెను. వారికి ఆహారము లేక మందు పడిన ప్రమాదము.

పెండ్లిండ్లు, తీర్థయాత్రలు రెండవ సందర్భము. సంచి ఇంటనుండును, మనిషి శ్రీశైలములో నుండును. మూడవది నొప్పిమాత్రలు. మోకాళ్ళు నొచ్చినవని ఊరిలో డైక్లోఫినాకో, ఐబూప్రొఫెనో తెచ్చుకొని వారములకొలది మ్రింగువారున్నారు. గుండెజబ్బువారికి అవి హాని. కొన్ని ఆస్పిరిను పనిని గూడ చెరచును. సూది వేయువానితో “నాకు గుండెజబ్బున్నది, ఇవి నా మాత్రలు” అని చీటీ చూపుట రోగి వంతు. అమెరికాలోని కుమారుడు పంపిన మాత్రలు, ఇక్కడ కొన్న మాత్రలు పేర్లు వేరైనను మందు ఒక్కటేయై, రెండును మ్రింగి కళ్ళు తిరిగి పడిపోవుటయు కలదు. అట్టమీద పెద్ద అక్షరములతో నున్నది కంపెనీ పెట్టిన పేరు. చిన్న అక్షరములతో నున్నదే మందు పేరు. చదువుకొన్న మనము ఆ చిన్న అక్షరములు చదివిపెట్టవలెను.

చదువురానివారి కొరకు నేను చేయుచున్న పని యొకటి చెప్పెదను. ప్రొద్దుటి మాత్రల అట్టమీద సూర్యుని, రాత్రి మాత్రల అట్టమీద చంద్రవంకను సిరాతో వేసి యిచ్చెదను. మా వీధిలో ఆ బొమ్మలు చూచి తప్పక వేసికొనువారు నలుగురున్నారు. మాత్రను నిత్యము చేయు పనికి ముడిపెట్టినను మరపు తగ్గును: తులసికోటకు నీళ్ళు పోసిన వెంటనే యని, కాఫీ గ్లాసు దించిన వెంటనే యని. ఒకపూట మరచినచో గుర్తువచ్చినప్పుడు వేసికొనవచ్చును. తరువాతి పూట దగ్గరపడినచో దానితోనే సరిపెట్టుకొనవలెను. మరచినదానికి బదులుగా రెండు మాత్రలు ఒక్కసారి మ్రింగరాదు.

మరల పోయి చూపించుకొనుట యెందుకన్న మాట యింకను చెప్పవలసియున్నది. ఒంటిలో బాగుండగా బస్సు ఖర్చు పెట్టుకొని, ఒకదినము కూలి పోగొట్టుకొని, వరుసలో నిలువబడి, “బాగున్నావు, ఇవే వాడుము” అనిపించుకొని వచ్చుటకా యని జనులందురు. కష్టము నిజమే. కాని మొదటి చీటీ చిత్తుప్రతి వంటిదని నాకు ఒక డాక్టరుగారు చెప్పిరి. గుండె బలము తగ్గినవారికి ఇచ్చు మందులలో పెక్కింటిని చిన్న మోతాదుతో మొదలుపెట్టి, రక్తపుపోటును, నాడిని, మూత్రపిండముల పరీక్షను చూచుచు క్రమముగా పెంచుదురు. తిరిగి పోనివానికి ఆ చిన్న మోతాదే ఏండ్లతరబడి నిలిచిపోవును. మందు వాడుచునే యుండును, తగినంత అందదు. ఇందుకు విరుద్ధమును కలదు. 12 నెలలకు ఆపవలసిన రెండవ మాత్రను, పాత చీటీని జిరాక్సు తీయించుకొని నాలుగేండ్లు వాడి, కడుపులో రక్తస్రావమై వచ్చినవారు కలరు. మానరాని మందు మానుట, మానవలసిన మందు మానకుండుట రెండును చూపించుకొనకపోవుటవలననే వచ్చును.

రామిప్రిలు అను రక్తపుపోటు మందు కొందరికి పొడిదగ్గు తెచ్చును. రాత్రులు నిద్ర లేక, క్షయయేమో యని భయపడి, చివరకు మాత్రలన్నియు మానిన యొక రైతును నే నెరుగుదును. డాక్టరుతో చెప్పిన వెంటనే ఆ యొక్క మందు మార్చిరి, దగ్గు పోయెను. ఆమ్లోడిపిను కొందరికి పాదములు వాచునట్లు చేయును. దానికిని మారున్నది. నల్లని విరేచనము, ఆగని రక్తము, క్రొత్తగా ఆయాసము, గుండెబలము తగ్గినవారికి మూడు దినములలో రెండు కిలోలకు మించి బరువు పెరుగుట, ఇవి గడువుతేదీ వరకు ఆగవలసినవి కావు, వెంటనే పోవలసినవి. రొమ్ములో నొప్పి మొదలైనచో ఎవరి అరుగుకును పోక 108కి పిలుపు పంపవలెను.

చిన్ననాటి కీళ్ళవాత జ్వరముచేత గుండె కవాటములు చెడిన పిల్లలకు మూడు నాలుగు వారములకొక పెన్సిలిను సూది యేండ్లపాటు వేయింతురు. లోహపు కవాటము అమర్చినవారికి రక్తము పలుచదనమును ఐ.ఎన్.ఆర్. అను పరీక్షతో మాటిమాటికి చూచి మందు సరిచేయుదురు. వీరికి గడువు తప్పుట మరింత ప్రమాదము.

ఇప్పుడు నాలుగవ గుణము. తెలుగులో జ్ఞాపకమనగా గుర్తు. అందుచేత జ్ఞాపకత్వమనగా మరువకుండుటయని మా విద్యార్థులు వ్రాసెడివారు. సంస్కృతమున జ్ఞాపకమనగా తెలియజేయునది. తన వ్యాధిని వైద్యునకు ఉన్నదున్నట్లు తెలియజేయుటయే రోగికి జ్ఞాపకత్వము. అర్థము సరిదిద్దుట నాకు సులభమైనది, ఆచరించుట కష్టమైనది. 2021లో నా గుండెనాళములలోను పూడిక యున్నదని తేలెను. స్టెంటు అక్కరలేదు, మందులు చాలునని చెప్పిరి. మా బావగారి సంగతి జరిగి అప్పటికి అయిదేండ్లు కాలేదు. అయినను ఆ మరుసటి యేడు కార్తికమాసములో బంధువులతో యాత్రకు పోయి, మందుల సంచి మరచి, అక్కడ కొనుటకు బద్ధకించి, పదునొకండు దినములు మాత్రలు లేకయే గడపితిని. తిరిగివచ్చిన మరునాడే డాక్టరు నిచ్చిన తేదీ. రక్తపుపోటు హెచ్చుగా నుండెను. “మాత్రలు క్రమముగా వేసికొనుచున్నారా?” అని ఆమె యడిగిరి. పంతులునైన నేను, పిల్లలను అబద్ధమాడవద్దని కొట్టినవాడను, “వేసికొనుచున్నానమ్మా” అంటిని. ఆమె నా మాట నమ్మి, ఆ మోతాదు చాలలేదని తలచి మరియొక మాత్ర చేర్చిరి. ఇంటికి వచ్చి పాతవి, క్రొత్తది అన్నియు కలిపి శ్రద్ధగా వేసికొంటిని. నాలుగవనాటి ఉదయము బావి చెంత కళ్ళు చీకట్లు క్రమ్మి పడిపోతిని, నుదురు పగిలెను. రక్తపుపోటు మరీ దిగిపోయినదని పరీక్షలో తేలెను. అప్పుడు నిజము చెప్పితిని. ఆమె కోపింపలేదు. “ఈ మాట మొన్న చెప్పినచో క్రొత్త మాత్ర వ్రాయకపోదును” అని మాత్రము అనిరి.

ఆనాటినుండి నే నొక నియమము పెట్టుకొంటిని. చూపించుకొనుటకు పోవునప్పుడు వాడిన ఖాళీ అట్టలను, మిగిలినవానిని గూడ సంచిలో వేసికొని పోయెదను. నోరు మొగమాటపడినను అట్టలు నిజము చెప్పును.

డబ్బు చాలక మానువారికి ధర్మోపన్యాసములు పనికిరావు. ఖరీదు భరింపలేకున్నామని డాక్టరుతో చెప్పుటకు సిగ్గుపడరాదు; అదే మందు తక్కువ ధరకు దొరకు రూపములో వ్రాయించుకొనవచ్చును. 2008లో మొదలైన జనౌషధి దుకాణములలో ఈ మాత్రలలో చాలభాగము చౌకగా దొరకును. రక్తపుపోటు మాత్రలు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా ఇచ్చుచున్నారు. ఆశ కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడిగిన వివరము చెప్పుదురు. ఆరోగ్యశ్రీ క్రింద చికిత్స పొందినవారు ఇంటికి వచ్చుటకు ముందే, తరువాతి మందులు, పరీక్షలు ఎంతకాలము ఆ పథకములో దొరకునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి వ్రాయించుకొనవలెను. మా యూరిలో గుండెజబ్బువారము అయిదుగురము ఒకే దినమున తేదీ యిప్పించుకొని, ఒక్క ఆటోలో పోయి వచ్చుచున్నాము. ఖర్చు అయిదవ వంతయ్యెను; ఒకరు బద్ధకించిన తక్కినవారు ఊరకుండరు.

ఒకమాట ఆడువారినిగూర్చి చెప్పక తప్పదు. ఇంటి యజమానికి గుండెజబ్బైనచో తేదీనాటికి బండి సిద్ధము. యజమానురాలికైనచో “బాగానే తిరుగుచున్నది గదా, వచ్చే నెల చూతము” అందురు. ఆమెయు అదియే మేలనును, ఆ డబ్బు మనుమరాలి ఫీజుకు వచ్చునని. ఆమె నోరు విప్పి అడుగదు. అడుగకపోయినను తేదీ గుర్తుంచుకొనవలసినవారు ఇంటి పెద్దలు.

మా అక్కగారికి ఇప్పుడు డెబ్బదియొకటి. రెండేండ్లుగా ఆమెకును రక్తపుపోటు, గుండెకు మాత్రలు. ఆమె పంచాంగములో తిథులతోపాటు ఆసుపత్రి తేదీలకు నేనే ఎఱ్ఱసిరాతో గుర్తుపెట్టుచున్నాను. వచ్చే మంగళవారము మా ఆటో బయలుదేరవలసియున్నది. ఆమె అట్టలు లెక్కించి సంచిలో వేయుట నిన్ననే యయ్యెను. నావి యింకను లెక్కింపవలెను.